ఫోన్-ఇన్: యుద్ధకాలంలో అధ్యక్షుడి క్రిస్మస్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు అంశం, ఒక పక్క యుద్ధం, ఇంకో పక్క శాంతి చర్చలు నడుస్తుంటే అమెరికా అధ్యక్షులు పండగ వేడుకల్ని ఎలా నెట్టుకొచ్చారన్నది. చదివేవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు, వార్తలు అనువదించేవాళ్లు ఎవరైనా అడగొచ్చు. స్టూడియోలో ఆధునిక చరిత్ర అధ్యాపకుడు, దౌత్య వ్యవహారాల విశ్లేషకురాలు ఉన్నారు. మొదటి కాల్... హలో?

శ్రోత: హలో సార్, నమస్తే. పీజీ చరిత్ర చదువుతున్నాను. వియత్నాం యుద్ధంలో, 1965 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ బాంబు దాడులు ఆపడం మీద వ్యాసం రాయాలి. క్రిస్మస్ అని ఆపాడు, చర్చలు కుదరలేదు, మళ్లీ మొదలెట్టాడు... ఇంతేనా?

అధ్యాపకుడు: రేడియో సౌండు కాస్త తగ్గించమ్మా, ఎకో వస్తోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది. అంతే రాస్తే సగం మార్కులే. ముందు తేదీలు వరసగా వేసుకో. డిసెంబరు 17న జాన్సన్ జాతీయ క్రిస్మస్ చెట్టుకు దీపాలు వెలిగించాడు. 24న ఉత్తర వియత్నాం మీద బాంబు దాడులు ఆగాయి. బయటికి అది పండగ విరామమే. కానీ పండగ వెళ్లాక కూడా విమానాలు లేవలేదు. టెక్సాస్‌లోని తన రాంచ్‌లో సెలవులు గడుపుతూనే ఆయన విరామాన్ని పొడిగించాడు. మళ్లీ దాడులు మొదలైంది జనవరి 31న. మొత్తం 37 రోజులు.

శ్రోత: పొడిగించమని ఎవరన్నారు సార్?

అధ్యాపకుడు: రక్షణ మంత్రి మెక్‌నమారా పట్టుబట్టాడు. సైన్యాధిపతులకు అది రుచించలేదు. ఆపినన్ని రోజులూ అవతలివాళ్లు సరుకు దక్షిణ వియత్నాంకి చేరవేసుకుంటారన్నది వాళ్ల వాదన. వ్యాసం నడుమ భాగం ఇక్కడే ఉండాలి. దౌత్యం రెండు దారుల్లో నడిచింది. ఒకటి డప్పు కొట్టి చేసింది. దౌత్యవేత్త హారిమన్‌ని వార్సాకి, ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి గోల్డ్‌బర్గ్‌ని వాటికన్, పారిస్, లండన్‌లకి పంపారు, విదేశాంగ మంత్రి రస్క్ పేరున 14 శాంతి సూత్రాలు ప్రకటించారు. రెండోది గుట్టుగా జరిగింది. డిసెంబరు 29న బర్మాలోని రంగూన్‌లో అమెరికా రాయబారి హెన్రీ బైరోడ్ ఉత్తర వియత్నాం ప్రతినిధి చేతికి ఒక పత్రం ఇచ్చాడు. మొదటి దారి రెండోదాన్ని చెడగొట్టిందని నా లెక్క. అంత హడావిడి చూశాక హనోయ్‌కి, అంటే ఉత్తర వియత్నాం ప్రభుత్వానికి, చేతిలో పెట్టిన కాగితం కూడా ప్రచారంలానే కనిపిస్తుంది. పైగా వాళ్లడిగింది తాత్కాలికంగా ఆపడం కాదు, షరతుల్లేకుండా శాశ్వతంగా ఆపడం. జనవరి 28న ఉత్తర వియత్నాం అధ్యక్షుడు హో చి మిన్ లేఖ రేడియోలో ప్రసారమవడంతో సంగతి తేలిపోయింది. ఈ నాలుగు ముక్కలూ రాస్తే చాలు. చెట్టు గురించి ఒక్క వాక్యం మించొద్దు.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్.

శ్రోత: మేడమ్, వార్తలు అనువదిస్తాను. ట్రూస్, సీజ్‌ఫైర్, ఆర్మిస్టిస్, అన్నిటికీ ‘కాల్పుల విరమణ’ అనే వేసేస్తున్నాం. తప్పా?

విశ్లేషకురాలు: తప్పే. పండగకి గంటల లెక్కన ఆపేది ‘విరామం’. గడువు చెప్పకుండా ఆపేది ‘కాల్పుల విరమణ’. సరిహద్దు రేఖ, ఖైదీల మార్పిడి, పర్యవేక్షణ అన్నీ రాసుకుని సైన్యాలు సంతకం పెడితే ‘యుద్ధ విరమణ ఒప్పందం’. కొరియాలో 1953 జూలై 27న జరిగింది అదే, శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. ఇంకొకటి, ‘బాంబింగ్ హాల్ట్’ వస్తే ‘బాంబు దాడుల నిలిపివేత’ అనండి. అది ఒక పక్షం చేసేది, నేల మీద పోరు అప్పుడూ సాగుతూనే ఉంటుంది. 1965లో జరిగింది కూడా అదే కదా.

శ్రోత: నమస్తే సార్. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. పిల్లలతో నమూనా శాంతి చర్చలు ఆడించాలనుంది. పండగ గడువు కూడా పెడదామని ఆలోచన. గంటన్నర టైముంది.

అధ్యాపకుడు: గడువు పెట్టండి గానీ, అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో పిల్లలకు కనబడాలి. కొరియా యుద్ధంలో, 1951 నవంబరు 27న పాన్‌ముంజోమ్ చర్చల్లో విభజన రేఖ మీద ఒప్పుకున్నారు. 30 రోజుల్లో సంతకాలైతే అదే రేఖ. అంటే డిసెంబరు 27 దాకా, క్రిస్మస్ మధ్యలో వచ్చేలా. అప్పుడు నేల మీద ఐక్యరాజ్యసమితి సేనల ఒత్తిడి తగ్గింది, అవతలివాళ్లు, అంటే ఉత్తర కొరియా, చైనా సేనలు, కందకాలు తవ్వుకుని స్థిరపడ్డారు. గడువు దాటిపోయింది. సంతకాలకు ఇంకో ఏడాదిన్నర పైనే పట్టింది.

శ్రోత: గొడవ ఎక్కడ మొదలవ్వాలి మరి?

అధ్యాపకుడు: ఖైదీల జాబితాల దగ్గర. డిసెంబరు 18న జాబితాలు మార్చుకున్నారు. ఐక్యరాజ్యసమితి పక్షం చూపింది దాదాపు 1,32,000 మందిని, అవతలి పక్షం 11,559 మందిని. రెండు కాగితాల మీద ఆ అంకెలు రాసి ఆట సగంలో ఇవ్వండి, ముందే ఇవ్వకండి. గది వేడెక్కుతుంది చూడండి.

విశ్లేషకురాలు: బల్ల కూడా నిజంగానే వేయించండి. జాన్సన్ 1968 అక్టోబరు 31న దాడుల నిలిపివేత ప్రకటించాడు కదా, వియత్నాం చర్చలకు పారిస్‌లో అందరూ కూర్చోవడానికి 1969 జనవరి వచ్చింది. హనోయ్ నాలుగు పక్షాలంది, ఎందుకంటే దక్షిణాన పోరాడుతున్న కమ్యూనిస్టుల నేషనల్ లిబరేషన్ ఫ్రంట్‌కి సమాన కుర్చీ కావాలి. సైగాన్, అంటే దక్షిణ వియత్నాం ప్రభుత్వం, రెండే పక్షాలంది. జనవరి 16న కుదిరిందేమిటంటే, మధ్యలో గుండ్రటి బల్ల, దానికి 45 సెంటీమీటర్ల దూరంలో ఎదురెదురుగా రెండు చిన్న దీర్ఘచతురస్రపు బల్లలు. జెండాలు లేవు, పేరు పలకలు లేవు. ఎవరి లెక్క వాళ్లు చెప్పుకోవచ్చు. మీరు నేల మీద సుద్దముక్కతో గీసినా చాలు, కాకపోతే ఆ 45 సెంటీమీటర్ల సందు వదలండి. బల్లలు ఆనించారంటే ఆ రాజీయే పోయినట్టు.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. త్వరగా అడగండి.

శ్రోత: యుద్ధమప్పుడు చెట్టు వేడుక మానేయొచ్చు కదండీ?

అధ్యాపకుడు: మానేస్తే అదీ ఒక సందేశమే. కొరియా యుద్ధం నడుస్తుండగా 1951లో అధ్యక్షుడు ట్రూమన్ మిస్సౌరిలోని సొంతూరు ఇండిపెండెన్స్ నుంచే మీట నొక్కి వాషింగ్టన్ చెట్టు వెలిగించాడు. యుద్ధం కాకపోయినా అధ్యక్షుడు కార్టర్ కథ చూడండి. టెహ్రాన్‌లో అమెరికన్లు బందీలుగా ఉన్నారని 1979లో చెట్టు మీది నక్షత్రం ఒక్కటే వెలిగింది. ఇక అధ్యక్షుడు నిక్సన్ 1972లో ఉత్తర వియత్నాం మీద దాడులు ఆపింది క్రిస్మస్‌కి 36 గంటలు. 26న 120 బి-52 బాంబర్ విమానాలు మళ్లీ వెళ్లాయి.

శ్రోత: మేడమ్, వియత్నాం కొత్త సంవత్సరం టెట్ పండగప్పుడు కమ్యూనిస్టు సేనలు చేసిన దాడుల తేదీ ఒక చోట 30 అని, ఇంకో చోట 31 అని ఉంది. నా నోట్సులో ఏది వేసుకోను?

విశ్లేషకురాలు: రెండూ వేసుకోండి. 1968 జనవరి 30 తెల్లవారుజామున డా నాంగ్, న్యా చాంగ్ లాంటి చోట్ల, 31న సైగాన్‌లో. సైగాన్ ప్రభుత్వం 36 గంటల పండగ విరామం ప్రకటించింది, దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియు పండగకి మీ థో పట్టణంలో అత్తవారి వైపు ఉన్నాడు, సైనికుల్లో చాలామంది సెలవులో వెళ్లారు. దాడి చేసినవాళ్లలో కొందరు ఒక రోజు ముందే దిగడానికి చెప్పే కారణాల్లో పంచాంగం ఒకటి.

శ్రోత: పంచాంగమా?

విశ్లేషకురాలు: అవును. మనకు అమావాస్య వెళ్లాక పాడ్యమి. వాళ్లకు అమావాస్య ఘడియ ఏ తేదీన పడితే ఆ తేదీయే నెల మొదటి రోజు. ఆ ఏడాది అది హనోయ్ గడియారంలో 29 రాత్రి పదకొండున్నర ప్రాంతంలో పడింది. సైగాన్ గడియారం గంట ముందుంటుంది, అక్కడ అప్పటికే 30 వచ్చేసింది. దాంతో ఉత్తరాన టెట్ 29న, దక్షిణాన 30న.

శ్రోత: అయితే నోట్సులో తేదీల పట్టిక ఎలా గీయాలి?

విశ్లేషకురాలు: మూడు గడులు గీయండి. వాషింగ్టన్, హనోయ్, సైగాన్. చలికాలంలో హనోయ్ వాషింగ్టన్‌కి 12 గంటలు ముందు, సైగాన్ 13 గంటలు ముందు. 1972 డిసెంబరు 18 రాత్రి హనోయ్ మీద బాంబులు పడుతుంటే వాషింగ్టన్‌లో అదే 18 ఉదయం. పుస్తకంలో తేదీ కనబడగానే ఏ గడిలోదో ముందు తేల్చుకుని, తర్వాతే పక్క గడులు నింపండి.