దండ తీసి ఎక్కండి సార్

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లన్నీ వరసగా చెప్పడం ఆనవాయితీ. కానీ ఎండెక్కితే మీరెవరూ నా మాట వినరు, అంచేత పెద్దలు క్షమించాలి.

ప్రీఫ్లైట్ తనిఖీ, అంటే ఎగిరే ముందు చూసుకోవాల్సిన వాటి గురించి మాట్లాడమన్నారు. మీరు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్లు, విమానం సంగతి మీకు కొంత తెలుసు. మీరెక్కే చిన్న విమానం పిపిస్ట్రెల్ వైరస్ స్లొవేనియాలో తయారైంది. నవ్వకండి, ఆ పేరు కరోనాకి ముందే పెట్టారు. అందులో ప్రొపెల్లర్ ముక్కు మీద ఉంటుంది, ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. నేను ఎక్కువగా పనిచేసింది ట్రైక్ మీద. పైన గుడ్డ రెక్క, కింద మూడు చక్రాల బండి. ముందు పైలట్, వెనక ప్యాసింజర్, ఆ వెనక ఇంజనూ ప్రొపెల్లరూ. ప్యాసింజర్ ఒంటి మీంచి ఏది జారినా ప్రొపెల్లర్‌లోకే పోతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ అడుగుతాను.

ఇంజను సంగతి క్లుప్తంగా. ఈ చిన్న విమానాలకి వాడే రోటాక్స్ 912 ఇంజనులో ఆయిల్ కొంత క్రాంక్‌కేసులో ఉండిపోతుంది. డిప్‌స్టిక్ ఊరికే తీసి చూస్తే తప్పుడు లెక్క వస్తుంది. ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆఫ్ చేసి, ప్రొపెల్లర్‌ని అది తిరిగే వైపే చేత్తో తిప్పాలి. ఆయిల్ ట్యాంకులో గుడగుడమని చప్పుడొచ్చాకే చూడాలి. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే, ఎర్తు వైరు తెగి ఉంటే ఇంజను అందుకోవచ్చు, చెయ్యి జాగ్రత్త. పెట్రోలు అడుగున నీళ్లు చేరతాయి, కాస్త వదిలి గాజు సీసాలో చూడండి. రెక్కని బండికి కలిపే హ్యాంగ్ బోల్టు దగ్గర సేఫ్టీ పిన్నుని కంటితో చూస్తే చాలదు, వేలితో తాకాలి.

ఇదంతా చెక్‌లిస్టులో ఉంది, చదువుకుంటారు. చెక్‌లిస్టులో మనిషి గురించి రాసింది తక్కువ.

ఒక ఊళ్లో ఉత్సవాలకి ట్రైక్ మీద జాయ్‌రైడ్లు పెట్టారు. ముఖ్య అతిథిగా ఒకాయన వచ్చారు. పేరొద్దు, పార్టీ అసలే వద్దు. మెడలో బంతిపూల దండ, దాని కింద కండువా, జేబుల్లో రెండు ఫోన్లు. దండతోనే ఎగరాలి, ఫొటో బాగా వస్తుందని చుట్టూ ఉన్నవాళ్ల పట్టు. మా పైలట్ కుర్రాడు, నిండా పాతికేళ్లుండవు, ‘దండ తీసి ఎక్కండి సార్’ అన్నాడు. ‘ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?’ అని అనుచరులు ఎగబడ్డారు. వాడు తాళంచెవి జేబులో వేసుకుని బండి దిగిపోయాడు.

ఆ నాయకుడు మాత్రం పల్లెత్తు మాట అనలేదు. దండ తీసి పక్కాయన మెడలో వేసి, ‘ఇప్పుడు?’ అన్నారు.

‘కండువా కూడా సార్. బరువెంత సార్?’

‘డెబ్బై అయిదు.’

కాటా ఎక్కిస్తే తొంభై రెండు! ఆ పదిహేడు కిలోలంటే ఇరవై లీటర్ల పైచిలుకు పెట్రోలు. ఆ ట్రైక్ మొత్తం బరువు 450 కిలోలు దాటకూడదు. కుర్రాడు పెట్రోలు తగ్గించి, చిన్న చుట్టు తిప్పి క్షేమంగా దించాడు. నాయకుడు భుజం తట్టి వెళ్లారు. నిర్వాహకులు మర్నాటి నుంచి వాణ్ని పిలవలేదు. దండ వేసుకున్నాయనకి అర్థమైంది, వేయించినవాళ్లకి కాలేదు! ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. చెప్పండి, వాడు చేసిన తప్పేంటి?

సరే, బరువు దగ్గర ఉన్నాం కదా. బేగంపేట నేలే సముద్రమట్టానికి 530 మీటర్ల ఎత్తులో ఉంది. 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి ఐదు వేల అడుగుల ఎత్తులో ఉన్నంత పలచబడుతుంది. రన్‌వే ఎక్కువ కావాలి, పైకెక్కడం మందగిస్తుంది. అంచేత బరువు నోటితో అడక్కండి, తూచండి. సిగ్గుపడేవాళ్లని పక్కకి తీసుకెళ్లి తూచండి.

అమ్మాయిలూ, చున్నీ కింద ఇచ్చి ఎక్కాలి, జడ జాకెట్ లోపలికి. ఫోను జిప్పున్న జేబులో. బెల్టు మీరు పెట్టేస్తే సరిపోదు, ప్యాసింజర్ తనంతట తాను పెట్టుకుని విప్పి చూపించాలి. ఇంటర్‌కమ్ ఇంజను వేయకముందే పలకాలి, అది పోతే భుజం మీద ఎన్నిసార్లు తట్టాలో ముందే అనుకోవాలి. కాళ్లు ఎక్కడ పెట్టాలో, ఏ తీగ పట్టుకోకూడదో చూపించండి. భయంగా ఉందంటే నవ్వకండి, దించేయండి. డబ్బు వాపసు ఇవ్వమని నిర్వాహకులతో నేను చెబుతాను.

టైమైందని చీటీ వచ్చింది. ఒక్క మాట. దిగాక ఇంజను ఆగినా సరే, ప్రొపెల్లర్ పూర్తిగా నిలిచేదాకా ప్యాసింజర్‌ని బెల్టు విప్పనివ్వకండి. చుట్టాలు ఫొటోల కోసం పరిగెత్తుకొస్తారు, వెనక వైపు ఒక మనిషిని ముందే నిలబెట్టండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.