ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి

(మహిళా సంఘాల సభ్యులు, బడుల్లో వంట చేసే అక్కలు కూడిన సభలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అక్కలకు, అమ్మలకు, వెనక నిలబడి వింటున్న అన్నలకు నమస్కారం.

బి.పి. చూసిన డాక్టరు ఉప్పు తగ్గించుమంటాడు, షుగరు చూసిన డాక్టరు తీపి మానుమంటాడు. ఇంటికొచ్చి ఉప్పు సగం వేస్తే కూర నోట్లో పెట్టలేం. మూడు రోజులు ఓర్చుకుని నాలుగో రోజు మళ్ళీ పాత చెయ్యే. ఇందులో మీ పట్టుదల లోపమేమీ లేదు. ఉప్పు ఒక్కటే తీసి మిగతా వంట అట్లాగే ఉంచడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. ఈ రోజు చెప్పేదంతా దాని గురించే.

ముందు లెక్క చూద్దాం. పెద్దవాళ్ళకు రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దగ్గు మందు సీసాతో వచ్చే 5 మి.లీ. చెంచాను మెత్తని ఉప్పుతో నింపి పైన చదును చేస్తే దాదాపు ఆరు గ్రాములు. అంటే ఆ చెంచా నిండా కూడా కాదు, కొంచెం వెలితిగా. కూర, పప్పు, చారు, తొక్కు పచ్చడి, అప్పడం, బజారులో తిన్న మిర్చి బజ్జి, అన్నీ అందులోనే రావాలి. దొడ్డుప్పు వాడేవాళ్ళు చెంచాను నమ్మొద్దు. గడ్డల మధ్య సందులుంటాయి కాబట్టి అదే చెంచాలో బరువు తక్కువ పడుతుంది, ఒక్కోసారి ఒక్కో తీరు పడుతుంది. దాన్ని తూచాల్సిందే, లేదా దంచి మెత్తగా చేసుకోవాలి.

నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి రోజుకు ఇరవై గ్రాములు. కిలో ప్యాకెట్ యాభై రోజులు రావాలి. ఈసారి ప్యాకెట్ కోసిన రోజే దాని మీద తేదీ రాయండి. ఇరవై ఐదు రోజులకే అయిపోతే మీ ఇంట్లో ఒక్కొక్కరికి రెండింతలు పడుతోందన్నమాట. కోడిని కడగడానికి, కాకరకాయ పిసకడానికి వాడే ఉప్పును వేరే డబ్బాలో పెట్టుకోండి, లేకుంటే లెక్క తప్పుతుంది. ఇల్లు లెక్కలోకి వచ్చాక పొద్దున్నే చిన్న గిన్నెలో నలుగురికీ కలిపి పద్నాలుగు గ్రాములు తూచి పెట్టండి. ఆ రోజు వంటంతా ఆ గిన్నెలోంచే. మిగిలిన ఆరు గ్రాములు తొక్కుకు, అప్పడానికి, బయటి తిండికి. ఇప్పుడు ముప్పై గ్రాములు వాడుతున్న ఇల్లు ఒక్కసారి పద్నాలుగుకు దిగకూడదు. రెండు వారాలకోసారి నాలుగైదు గ్రాములు తగ్గిస్తూ రండి. నాలుకకు అలవాటు పడటానికి కొన్ని వారాలు కావాలి. ఆ తర్వాత పాత కూరే ఉప్పగా అనిపిస్తుంది.

మన తిండిలో ఒక సంగతి గమనించండి. అన్నంలో ఉప్పు వెయ్యం, జొన్నరొట్టెలో చాలామంది వెయ్యరు. ఆ చప్పని బువ్వనంతా గరిటెడు కూర లాక్కురావాలి, అందుకే కూరలో ఉప్పు, కారం, పులుపు మూడూ దట్టంగా పడతాయి. పళ్ళెంలో అన్నం ఒక గరిటె తగ్గించి కూర ఒక గరిటె పెంచితే, అంత ఘాటు కూర ఇక అక్కర్లేదు. అన్నం మీద అన్నం పెట్టుకునే ఇంట్లో ఉప్పు తగ్గడం చాలా కష్టం. జొన్నరొట్టె ఈ విషయంలో మేలు. నమిలేకొద్దీ దానికే ఒక కమ్మదనం వస్తుంది.

ఇక అసలు మాట. పాలమూరు, నల్లగొండ వంటల్లో కారం, చింతపండు ఎక్కువ. ఈ రెండూ ఉప్పును అడుగుతాయి. ఎనిమిది పచ్చిమిరపకాయలు, నిమ్మకాయంత చింతపండు వేసి ఉప్పు సగం వేస్తే పులుపు పళ్ళు జివ్వుమనిపిస్తుంది, కారం గొంతు పట్టుకుంటుంది. కాబట్టి ఉప్పు నాలుగో వంతు తగ్గించిన రోజే కారమూ నాలుగో వంతు, చింతపండూ నాలుగో వంతు తగ్గించండి. మూడూ కలిసి దిగితే కూర రుచి చెడదు, తేటపడుతుంది. తగ్గించిన పులుపుకు బదులు పొయ్యి దించాక అర చెక్క నిమ్మరసం పిండండి. మన నకిరేకల్ నిమ్మకాయలకు కొదవ లేదు. పొయ్యి మీద మరిగిన నిమ్మరసానికి వాసన పోయి కొంచెం చేదు కూడా వస్తుంది, అందుకే దించిన తర్వాతే.

పుంటికూర (గోంగూర) పప్పు తీసుకుందాం. నలుగురికి ఒక పూటకు కందిపప్పు వంద గ్రాములు, పుంటికూర ఆకు నూట యాభై గ్రాములు, పెద్ద ఉల్లిగడ్డ ఒకటి, పచ్చిమిరపకాయలు నాలుగు. పప్పును పసుపు వేసి విడిగా మెత్తగా ఉడికించండి. పుంటికూర కలిపి ఉడికిస్తే పులుపు తగిలి పప్పు బద్దలు మెత్తబడవు. మెత్తబడని పప్పు చప్పగా అనిపించి చెయ్యి మళ్ళీ ఉప్పు డబ్బా మీదికే పోతుంది. ఆకు, ఉల్లిగడ్డ, మిర్చి వేరే గిన్నెలో మగ్గించి, పప్పులో కలిపి ఐదు నిమిషాలు ఉడికించి దించండి. అప్పుడు మూడు గ్రాముల ఉప్పు, అంటే ఆ చెంచాలో సగం, వేసి మెదపండి. పోపుకు రెండు చెంచాల నూనె, ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, కరివేపాకు, కచ్చాపచ్చాగా దంచిన ఎల్లిపాయ రెబ్బలు ఎనిమిది. ఎల్లిపాయ బంగారు రంగుకు రాగానే పప్పులో పోసి మూత పెట్టి రెండు నిమిషాలు ఆగండి. రంగు దాటి మాడితే చేదెక్కుతుంది, ఆ చేదును అణచడానికి మళ్ళీ ఉప్పే కావాలి. మామూలుగా పెట్టే నాలుగు రెబ్బలకు బదులు ఎనిమిది ఎందుకంటే, ఉప్పు తగ్గిన చోట వాసన ఆ లోటు పూడ్చాలి. సలసల కాగుతున్నప్పుడు రుచి చూసి ఉప్పు చాలలేదనకండి. అంత వేడిలో నాలుకకు ఉప్పు సరిగా తెలియదు. చెంచాలో తీసుకుని ఊది, గోరువెచ్చగా అయ్యాక చూడండి.

పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువ పోతుంది, ఎందుకంటే అది నీళ్ళ కూర, గంటెల కొద్దీ పోసుకుంటాం. ఒక ఉల్లిగడ్డ, మూడు పచ్చిమిరపకాయలు మంట మీద పైన నల్లబడేలా కాల్చండి. మరో ఉల్లిగడ్డను పచ్చిదే సన్నగా తరగండి. గిన్నెలో ఈ ఉల్లిగడ్డల మీద సగం చెంచా ఉప్పు, సగం చెంచా వేయించిన జీలకర్ర పొడి వేసి చేత్తో గట్టిగా పిసకండి. ఉప్పు ఉల్లిగడ్డలోని నీరును లాగుతుంది, ఆ తియ్యటి రసమంతా పులుసుకే వస్తుంది, కాబట్టి బెల్లం అక్కర్లేదు. పది పదిహేను గ్రాముల చింతపండు నానబెట్టి తీసిన రసం, అర లీటరు నీళ్ళు పోసి, రెండు పెద్ద చెంచాల వేయించిన నువ్వుల పొడి, కొత్తిమీర కలపండి. నువ్వులు బాగా వేగాలి. పచ్చిగా ఉంటే పులుసు చప్పగా, పిండి తిన్నట్టుంటుంది. నీళ్ళు పోశాక ఉప్పు వేస్తే ఇదే రుచికి ఇంకా ఎక్కువ వెయ్యాల్సి వస్తుంది.

వేపుళ్ళలో ఉప్పు చివర్లో. బెండకాయలో ముందే వేస్తే నీరు ఊరి జిగట సాగుతుంది, ముక్క వేగదు. దించే ముందు మెత్తని ఉప్పు చల్లితే అది ముక్కకు పైనే అంటుకుని నాలుకకు ముందు తగులుతుంది, తక్కువతో సరిపోతుంది. ఆకుకూరల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. అర కిలో తోటకూర గిన్నె నిండా కనిపిస్తుంది, ఉడికితే పిడికెడు అవుతుంది. పచ్చి కుప్పను చూసి ఉప్పు వేస్తే తప్పకుండా ఎక్కువవుతుంది. మగ్గి నీరు ఇంకాకనే వెయ్యండి. మాంసం కూర కూడా అంతే, పులుసు దగ్గరపడేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది. ఎక్కువైన కూరలో ఆలుగడ్డ వేస్తే ఉప్పు పీల్చేస్తుందన్న మాట నమ్మకండి. కూర పరిమాణం పెరిగిందే తప్ప ఉప్పు ఎక్కడికీ పోదు. ఉప్పు లేని ఉడికిన పప్పో కూరగాయలో కలిపి పెంచి, రెండు పూటలు తినడమే దారి.

కనపడని ఉప్పు చాలా ఉంది. దుకాణంలో కొన్న అల్లం ఎల్లిపాయ ముద్దలో, కొన్ని మసాలా ప్యాకెట్లలో ఉప్పు కలిపే ఉంటుంది. ప్యాకెట్ వెనక చూడండి. సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి రెండున్నరతో గుణిస్తే ఉప్పు తెలుస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే రెండు గ్రాముల ఉప్పు. వంట సోడాలో కూడా సోడియమే. పప్పు తొందరగా ఉడకాలని వేసే చిటికెడును మానేసి, పప్పు అరగంట నానబెట్టుకోండి.

ఆవకాయలో, మాగాయలో మాత్రం ఉప్పు తగ్గించవద్దు. అక్కడ ఉప్పు రుచి కోసం ఒక్కటే కాదు, బూజు పట్టకుండా కాపాడేది అదే. తగ్గిస్తే ముక్క మెత్తబడి, జాడీ అంతా పారబోయాల్సి వస్తుంది. తగ్గించాల్సింది తినే కొలత. పెద్ద చెంచాడు తొక్కులో ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ఉప్పు పోతుంది. ఐదులో రెండు అక్కడే అయిపోయినట్టు. రోజూ తొక్కు లేనిదే ముద్ద దిగని ఇంట్లో రోట్లో నూరిన టమాట తొక్కో, దోసకాయ తొక్కో చేసుకోండి. ఉప్పు సగమే పట్టినా ఫ్రిజ్‌లో రెండు రోజులుంటాయి. నువ్వుల పొడి, పల్లీల పొడి ఇంకా మంచివి. వంద గ్రాముల నువ్వులకు ఎండుమిర్చి ఆరు, జీలకర్ర చెంచా, ఎల్లిపాయ రెబ్బలు ఎనిమిది, ఉప్పు రెండు గ్రాములు చాలు. పొడి నిలవ ఉండేది తడి లేకపోవడం వల్ల. ఎల్లిపాయ తడి చేస్తుంది కాబట్టి ఎల్లిపాయ పెట్టిన పొడి కొంచెం కొంచెమే చేసుకోండి.

సైంధవ లవణం, గులాబీ ఉప్పు మంచివట అని చాలామంది అడుగుతారు. అవీ దాదాపు అంతా సోడియం క్లోరైడే, పైగా చాలావాటిలో అయోడిన్ కలపరు. నల్ల ఉప్పు గురించి మన నల్లగొండ జిల్లాలో ప్రత్యేకంగా చెప్పాలి. అందులో ఫ్లోరైడ్ ఎక్కువ. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిన మనుషులను చూసిన ప్రాంతం మనది. ఇక్కడ చాట్ మీదా, చల్లలోనూ నల్ల ఉప్పు చల్లుకోవద్దు. ఇక సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, కొన్ని రకాల బి.పి., గుండె మందులు వాడేవాళ్ళు అది తింటే ఒంట్లో పొటాషియం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరును అడగకుండా ఆ ప్యాకెట్ ఇంట్లోకి తేవద్దు.

ఏడాది లోపు పిల్లల బువ్వలో ఉప్పు, చక్కెర రెండూ కలపకండి. ఇంకొక జాగ్రత్త. మే నెల ఎండలో చేలో, ఉపాధి పనిలో ఉన్నవాళ్ళు వడదెబ్బ తగిలితే తాగే ఓఆర్ఎస్‌కు ఈ లెక్కలు పెట్టకండి. అది వైద్యం.

చక్కెర దగ్గరికొద్దాం. పెద్దవాళ్ళకు రోజుకు యాభై గ్రాముల లోపు, ఇరవై ఐదు లోపు అయితే ఇంకా మేలు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బెల్లం, తేనె కూడా ఇందులోనే. షుగరు ఉన్నవాళ్ళకు బెల్లం మంచిదన్నది తప్పు, అదీ ఎక్కువ భాగం చక్కెరే. చాయకు రెండు చెంచాలు, రోజుకు నాలుగు చాయలు అంటే చాయలోనే ముప్పై గ్రాములకు పైనే పోయినట్టు. చాయపత్తా ఎక్కువసేపు మరిగిస్తే వగరు, చేదు దిగుతాయి, వాటికోసం చక్కెర పెంచుతాం. ముందు నీళ్ళలో దంచిన అల్లం, యాలక్కాయ మరిగించి, చాయపత్తా వేశాక రెండు మూడు నిమిషాలే ఉంచి పాలు పోసి దించండి. చక్కెర అర చెంచా తక్కువైనా తెలియదు. రెండు వారాలయ్యాక ఇంకో అర చెంచా. చాయలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. మన దగ్గర చాయలు తగ్గించడానికి అదొక కారణం.

చల్లగా ఉన్నదానిలో తీపి తక్కువ తెలుస్తుంది. ఐసు వేసిన నిమ్మ షర్బత్‌కు ఎక్కువ చక్కెర పట్టేది అందుకే. కుండ నీళ్ళతో కలిపి చూడండి. మన బత్తాయిని రసం తీసి చక్కెర కలిపే బదులు తొనలు తినండి. బాలానగర్ సీతాఫలాన్ని పాలలో చక్కెరతో కలిపి తాగడం ఆ పండుకు అన్యాయం.

పండుగ వంటల్లో ఒక భేదం గుర్తు పెట్టుకోండి. కొన్నింట్లో తీపి రుచికే ఉంటుంది, కొన్నింట్లో పాకమే వంటకాన్ని నిలబెడుతుంది. అరిసెల పాకం తగ్గిస్తే నూనెలో విచ్చిపోతాయి, పల్లీ పట్టీ పొడిపొడిగా రాలుతుంది. వాటిని తగ్గించకండి, చిన్నగా చేసి ఒక్కటి తినండి. పాయసం, పోలెలు (బొబ్బట్లు), మలీద (రొట్టె నలిపి బెల్లం కలిపేది) తీపి తగ్గించుకునే వంటలు. సేమ్యా పాయసానికి లీటరు పాలు మూడు పావులయ్యేదాకా మరిగించండి. పాలలోని తీపి చిక్కబడుతుంది, చక్కెర అరవై గ్రాములతో సరిపోతుంది. పోలెలకు పావు కిలో శనగపప్పుకు పావు కిలో బెల్లం వేసేవాళ్ళు నూట యాభై గ్రాములు వెయ్యండి. అప్పుడు పూర్ణం పొడిబారి, ఒత్తేటప్పుడు పగులుతుంది. పప్పు కొంచెం ఎక్కువ మెత్తగా ఉడికించి, వేడిగానే మెదిపి, చెంచాడు నెయ్యి, యాలకుల పొడి, చిటికెడు సొంటి కలిపితే పగలదు. వార్చిన నీళ్ళు పారబోయకండి, కట్టు చారుకు పనికొస్తాయి.

సద్దుల బతుకమ్మ నాటి మలీదకు రెండు వందల గ్రాముల నలిపిన రొట్టెకు ఎనభై గ్రాముల బెల్లం చాలు. రొట్టె వేడిగా ఉన్నప్పుడే నలిపి, అప్పుడే తురిమిన బెల్లం కలపండి. వేడికి బెల్లం కరిగి ప్రతి పలుకుకూ అంటుతుంది. చల్లారాక కలిపితే ముక్కలు ముక్కలుగా ఉండి, ఒక ముద్ద తియ్యగా, ఒక ముద్ద చప్పగా వస్తుంది. వేయించిన నువ్వులు, కుడుక (ఎండు కొబ్బరి) తురుము, నెయ్యి వెయ్యండి. బెల్లం తగ్గిన మలీద, పోలెలు మునుపటిలా రెండు మూడు రోజులు బయట ఆగవు. వాన తడి పట్టిన రోజుల్లో మరీ తొందరగా పులుస్తాయి. ఒక పూటకు సరిపడా చేసి, మిగిలితే ఆ రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పెనం మీద వేడి చేసి తినండి.