ఎవరి పేరూ లేని గిన్నెలు: పెర్సియస్ గుంపులో ఒక పాత గెలాక్సీ

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక గింజ చూపిస్తాను. ఇది మసూర్ పప్పు, పొట్టు తీయనిది. ముందు వరుసలో వాళ్లకు తలా ఒకటి ఇచ్చాను. రెండు వేళ్ల మధ్య పట్టుకుని పక్కనుంచి చూడండి. మధ్యలో ఉబ్బుగా, అంచుల్లో పలచగా ఉంటుంది. లాటిన్‌లో ఈ గింజ పేరే లెన్స్. కళ్లజోడులోని లెన్సుకు ఆ పేరు ఈ పప్పు నుంచే వచ్చింది. ఆకాశంలో ఈ ఆకారంలో గెలాక్సీలున్నాయి. కటకాకార గెలాక్సీలు అంటాం. మన పాలపుంతకు ఉన్నట్టే వీటికీ పళ్లెం ఉంటుంది, చుట్టలు తిరిగిన చేతులు మాత్రం ఉండవు. కొత్త నక్షత్రాలు పుట్టాలంటే చల్లటి వాయువు కావాలి. వీటిలో అది దాదాపు అయిపోయి ఉంటుంది.

ఇవి గుంపుల్లో ఎక్కువ. 1980లో ఖగోళ శాస్త్రవేత్త అలన్ డ్రెస్లర్ 55 గెలాక్సీ గుంపుల్లో సుమారు 6,000 గెలాక్సీలను పరిశీలించారు. పలచగా ఉన్నచోట చుట్టల గెలాక్సీలు, కిక్కిరిసిన చోట కటకాకారాలు, కోడిగుడ్డు ఆకారాలు ఎక్కువగా కనిపించాయి. గుంపులో గెలాక్సీల మధ్య జాగా ఖాళీ కాదు, కోట్ల డిగ్రీల వేడి వాయువు నిండి ఉంటుంది. అందులోంచి దూసుకుపోయే గెలాక్సీ, బండి మీద స్పీడుగా వెళ్లేవాడి తలపాగా ఊడినట్టు, తన వాయువును వెనక వదిలేసుకుంటుంది. అలా చేతులు మాసిపోయి చాలా గెలాక్సీలు కటకాలుగా మిగిలిపోయాయి.

నేను చెప్పబోయే గెలాక్సీ కథ మాత్రం అది కాదు. దాని పేరు ఎన్‌జీసీ 1277, అంటే ఎన్‌జీసీ అనే ఆకాశ జాబితాలో దాని నంబరు. పెర్సియస్ గుంపులో ఉంది. కార్తీక మాసంలో కృత్తికలు అందరికీ తెలుసు కదా, వాటికి ఉత్తరంగా చూపు జరిపితే పెర్సియస్ నక్షత్రాలు వస్తాయి. వాటిలో అల్గోల్ అనే నక్షత్రం ఉంది. దాని పక్కగా, దానికంటే ఎన్నో రెట్ల దూరంలో, వెయ్యికి పైగా గెలాక్సీలున్న గుంపు ఉంది. 22 నుంచి 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. ఇప్పుడు మనకు అందుతున్న వెలుగు అక్కడ బయలుదేరినప్పుడు భూమ్మీద డైనోసార్లు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి.

1875 డిసెంబర్ 4న ఐర్లండ్‌లోని బర్ కోట తోటలో, తన తండ్రి కట్టించిన ఆరడుగుల అద్దం టెలిస్కోపుతో లారెన్స్ పార్సన్స్ దీన్ని మొదట చూశారు. ఆయనకు కనిపించింది చిన్న మసక చుక్క. పక్కనే గుంపుకు నడిమధ్యన ఉన్న ఎన్‌జీసీ 1275 ఎంతో పెద్దది, వాయువు పోగులతో ఎవరినైనా లాగేస్తుంది. దాని ముందు దీన్ని పట్టించుకునేవాళ్లు చాలాకాలం లేరు.

ఇందులో మన పాలపుంతకంటే రెట్టింపు నక్షత్రాలున్నాయి, సైజు చూస్తే పాలపుంతలో పావు వంతే. నక్షత్రాలు దాదాపు అన్నీ ముసలివి. 1,000 కోట్ల సంవత్సరాల కింద, ఈనాటి పాలపుంతకంటే వెయ్యి రెట్ల వేగంతో నక్షత్రాలను పుట్టించి, ఆ తర్వాత ఆగిపోయింది.

ఆ తర్వాత బయటి నుంచి కూడా ఏమీ కలుపుకోలేదని ఎలా తెలుసు? ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కొంచెం నిదానంగా చెబుతాను. మన ఇళ్లల్లో అటక మీద స్టీలు గిన్నెలు దించి చూడండి. అంచు మీద పేర్లు చెక్కి ఉంటాయి. ఒకదాని మీద మేనత్త పేరు, ఇంకోదాని మీద ఎవరి పెళ్లి తారీఖో, మరోదాని మీద వియ్యాలవారి ఇంటిపేరు. ఆ ఇంటికి ఏయే ఇళ్లతో చుట్టరికం కలిసిందో గిన్నెలే చెబుతాయి. గెలాక్సీలకు ఆ గిన్నెలు గుళికా గుచ్ఛాలు, అంటే లక్షల నక్షత్రాలు గుండ్రంగా ముద్దకట్టిన గుంపులు. పాలపుంత చుట్టూ 150కి పైగా ఉన్నాయి. పెద్ద గెలాక్సీల దగ్గర ఇవి రెండు రంగుల్లో కనిపిస్తాయి. ఎర్రవి ఎక్కువగా గెలాక్సీతో పాటు పుట్టినవి. నీలివి చాలావరకు బయటివి, అది మింగేసిన చిన్న గెలాక్సీలు వెంట తెచ్చినవి.

కానరీ దీవుల ఖగోళ సంస్థకు చెందిన మైకేల్ బీస్లీ, ఇగ్నాసియో ట్రుహిల్యో బృందం హబుల్ టెలిస్కోపుతో 1277 చుట్టూ ఈ గుచ్ఛాలను వెతికింది. 2018లో ఫలితం చెప్పారు: ఎర్రవి ఉన్నాయి, నీలివి దాదాపు లేవు. అటక మీద ఒక్క గిన్నె మీద కూడా బయటివాళ్ల పేరు లేదు! అంటే పుట్టాక ఇది చెప్పుకోదగ్గ గెలాక్సీని దేన్నీ కలుపుకోలేదు.

అంత గుంపులో ఉండి ఎలా కుదిరింది? గుంపులో ఉండటం వల్లే కుదిరింది. ఇది గంటకు 30 లక్షల కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడుతోంది. ఆ వేగంలో ఇంకో గెలాక్సీ ఎదురైనా దాటుకుపోతారు తప్ప కలవరు. చుట్టూ ఉన్న వాయువు మరీ వేడిది, చల్లబడి లోపలికి దిగి నక్షత్రాలు కాలేదు. పెద్ద గెలాక్సీల నడిగర్భాలు మొదట్లో ఇలాగే ఉండేవని లెక్క. తర్వాత అవి చుట్టుపక్కల వాటిని కలుపుకుని లావెక్కాయి. ఇది ఆ మొదటి మెట్టు మీదే ఉండిపోయింది. వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల మసగ్గా కనిపించే తొలినాటి గెలాక్సీని, ఇంత దగ్గర్లో, చుట్టరికాలు తెలిసేలా చూసే అవకాశం మనకు ఉందంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

దీని నడుమ ఉన్న బ్లాక్‌హోల్ గురించి మీలో కొందరు చదివే ఉంటారు. 2012లో టెక్సస్‌లోని హాబీ-ఎబర్లీ టెలిస్కోపు సర్వే ఆధారంగా దాని బరువు 1,700 కోట్ల సూర్యులంత అన్నారు. తర్వాత ఇంకా నిశితంగా కొలిస్తే 2016లో ఒక బృందానికి 490 కోట్లు వచ్చింది, మరో బృందానికి 120 కోట్లు. మొదటి అంకె ఎక్కడైనా కనిపిస్తే పక్కన ఈ రెండూ రాసుకోండి.

ఇంకో చిక్కు 2023లో వచ్చింది. సెబాస్టియన్ కొమెరోన్ బృందం దీని నక్షత్రాల కదలికలు కొలిచి, నడిమధ్య నుంచి 20,000 కాంతి సంవత్సరాల లోపల చీకటి పదార్థం, అంటే కంటికి కనిపించకుండా బరువు వల్ల మాత్రమే తెలిసే పదార్థం, మొత్తం బరువులో 5 శాతం మించదని తేల్చింది. ఇంత బరువైన గెలాక్సీలో కనీసం 10 శాతం, ఎక్కువలో ఎక్కువ 70 శాతం ఉండాలి. గుంపులో తిరుగుతూ తిరుగుతూ పోగొట్టుకుందా, పుట్టినప్పుడే విడిపోయిందా అన్న వాదన నడుస్తోంది.

ఇక మేడ మీదికి వెళ్దాం. మన దగ్గరున్న చిన్న టెలిస్కోపుకు 1277 అందదు, ముందే చెబుతున్నాను. కృత్తికలు మాత్రం బాగా పైకి వచ్చాయి. అల్గోల్ ఎక్కడుందో నేను చూపిస్తాను, అక్కణ్ణుంచి ఎటు చూడాలో మీరే వేలు పెట్టి చెప్పాలి. మసూర్ గింజలు ఇంటికి తీసుకెళ్లండి.