మీ జేబులోని బిస్కెట్

అందరికీ నమస్కారం. ఈ రోజు జూలై 6, జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన రోజు. 1885లో ఇదే రోజున లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన పిల్లాడికి తన టీకా మొదలుపెట్టాడు. అందుకే ఇవాళ మన కడపలో మీ కుక్కలకు ఉచితంగా సూదులు వేస్తున్నాం. కానీ నేను చెప్పాలనుకున్నది వేరే సంగతి.

పొద్దుటి నుంచి చూస్తున్నాను. సూది వేసేటప్పుడు కుక్క కదలకూడదని చాలామంది జేబులోంచి బిస్కెట్ తీసి నోటికి అందిస్తున్నారు. ప్రేమతోనే, నాకు తెలుసు. అయితే లెక్క చూడండి. ఇంట్లోనే తిరిగే పది కిలోల కుక్కకు రోజుకు సుమారు 500 నుంచి 600 క్యాలరీలు చాలు. చిన్న గ్లూకోజ్ బిస్కెట్‌లో దాదాపు 20 ఉంటాయి. పొద్దున టీ దగ్గర నాలుగు, సాయంత్రం నాలుగు, బడి నుంచి వచ్చిన పిల్లలు ఇంకో రెండు. మూడో వంతు అక్కడే అయిపోయింది. అన్నం గిన్నె మాత్రం తగ్గదు. ఇంటికెళ్లి దాని పక్కటెముకలు తడిమి చూడండి. వేళ్లకు తగలకపోతే ఒళ్లు చేసినట్టే. మన ఎండలకు అలాంటి కుక్క ఎంత ఆయాసపడుతుందో మే నెలలో రోజూ చూస్తుంటాను.

"కుక్కకు కూడా షుగరా సార్?" అని అడుగుతారు. వస్తుంది. తీపి ఒక్కటే కారణం కాదు. ఒళ్లు చేయడం, క్లోమం వాపు, ఆడకుక్కల్లో హార్మోన్లు కూడా ఉన్నాయి. వచ్చాక మాత్రలతో పోదు. పూటకొకటి చొప్పున ఇన్సులిన్ సూది, బతికినంత కాలం. ఒకామె తన కుక్కను తెచ్చింది. నీళ్ల గిన్నె రోజుకు నాలుగుసార్లు ఖాళీ చేస్తోందట. గదిలో నడిపిస్తే కుర్చీ కోడుకు తగిలి ఆగిపోయింది. రెండు కళ్లూ తెల్లగా ఉన్నాయి, షుగర్ వల్ల వచ్చిన శుక్లాలు. "వయసుకేమో అనుకున్న్యాం సార్" అంది. దాని వయసు ఏడేళ్లు.

ఇవి మెల్లగా వచ్చేవి. గంటల్లో ప్రాణం తీసేవి వేరే ఉన్నాయి. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో, కొన్ని మిఠాయిల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం వేస్తారు. మనకేమీ కాదు. కుక్క ఒంట్లో మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా పొంగి, రక్తంలో చక్కెర పడిపోతుంది. పది కిలోల కుక్కకు ఒక గ్రాము చాలు. తూలుతుంది, ఫిట్స్ వస్తాయి, ఇంకాస్త ఎక్కువైతే కాలేయం పోతుంది. నాన్నకు షుగరని ఇలాంటివి తెచ్చుకునే ఇళ్లలో దయచేసి పైఅరలో పెట్టండి.

కిస్మిస్ ఇంకోటి. లడ్డూలో, పాయసంలో ఉండే ఆ నాలుగు పలుకులే కొన్ని కుక్కల కిడ్నీలు పాడు చేస్తాయి. ఏ కుక్కకు పడదో ముందుగా చెప్పలేం. చాక్లెట్టూ అంతే, నల్లగా ఉన్న కొద్దీ ప్రమాదం. తిన్నదని తెలిస్తే వాంతి అయ్యేదాకా ఆగొద్దు, కవరు చేతపట్టుకుని వెంటనే తీసుకురండి.

ఇక వరసలో రండి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడి ముక్కలు ఆ బల్ల మీద స్టీలు డబ్బాలో పెట్టాను. సూది వేసేటప్పుడు ఒకటి పెట్టి, పేరు పెట్టి పిలవండి.