ఫోన్-ఇన్: బకెట్లో వేసిన గుల్ల కదిలింది, ఏం చేయాలి?

యాంకర్: భీమిలి నుంచి ఒక అమ్మమ్మగారు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. నిన్న సాయంత్రం మా మనవడు రాళ్ల దగ్గర ఒక గుల్ల ఏరి తెచ్చాడు. మీద గోధుమరంగు మచ్చలు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. బకెట్లో సముద్రం నీళ్లు పోసి అందులో వేశాం. పొద్దున చూస్తే పక్కకి జరిగింది! టెన్షన్‌గా ఉందండి.

నిపుణురాలు: ఆకారం ఎలా ఉందమ్మా?

శ్రోత: ఐస్‌క్రీం కోన్‌లాగే. ఒక పక్కన పొడుగ్గా చీలిక ఉంది.

నిపుణురాలు: అందులోంచి కాళ్లేమైనా కనిపించాయా?

శ్రోత: లేదండీ. చిన్న గొట్టంలాంటిది బయటికి వచ్చింది.

నిపుణురాలు: కాళ్లుంటే ఖాళీ గుల్లలో దూరిన పీత అనుకునేదాన్ని. ఇది కోన్ నత్తలాగే ఉంది. ఎవరూ చేత్తో ముట్టుకోవద్దు. బాబుకి ముందే చెప్పండి.

శ్రోత: అయ్యో, నిన్న జేబులో వేసుకొచ్చాడండీ!

నిపుణురాలు: అప్పుడు కుట్టలేదు కదా, భయపడకండి. మామూలు నత్తకి నాలుక మీద ఆకురాయిలాంటి పళ్లుంటాయి. దీనికి ఆ పన్నే బోలు సూదిగా మారింది. తొండంలాంటి నోటితో ఆ సూదిని గుచ్చి విషం ఎక్కిస్తుంది. ఆ తొండం బాగా సాగుతుంది కాబట్టి వెనకవైపు పట్టుకున్నా క్షేమం కాదు. చాలా రకాలు సముద్రపు పురుగుల్ని తింటాయి. చేపల్ని తినే కోనస్ జియోగ్రాఫస్ లాంటివైతే మనిషి ప్రాణం తీయగలవు. మీ దగ్గరున్నది ఏదో ఫోన్లో చెప్పలేను.

శ్రోత: ఒకవేళ కుడితే?

నిపుణురాలు: కోయడం, నోటితో పీల్చడం వద్దు. చెయ్యి కదపనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దీనికి విరుగుడు ఇంజెక్షన్ లేదు. ఊపిరి అందకపోతే, విషం దిగేదాకా వెంటిలేటర్‌తో కాపాడతారు.

శ్రోత: మరి దీన్ని పారేయమంటారా?

నిపుణురాలు: చంపొద్దమ్మా. బకెట్ తీసుకెళ్లి, తెచ్చిన రాళ్ల దగ్గరే నీళ్లతో సహా వంచేయండి. దీని బంధువు కోనస్ మేగస్ విషాన్ని పరిశోధించి జికోనోటైడ్ అనే నొప్పి మందు తయారుచేశారు. 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఏ మందుకీ లొంగని నొప్పితో బాధపడేవాళ్లకి వెన్నులోకి ఎక్కిస్తారు.

యాంకర్: వరంగల్ నుంచి ఒక విద్యార్థి.

శ్రోత: మేడమ్, ఆక్టోపస్ కూడా నత్తకి చుట్టమేనా?

నిపుణురాలు: అవును బాబూ, రెండూ మెత్తటి ఒంటి జీవులే. ఆక్టోపస్‌కి గుల్ల పోయింది. కటిల్‌ఫిష్‌కి మాత్రం ఒంటి లోపల మిగిలింది. ఆయుర్వేదం కొట్లో సముద్రఫేనం అని తెల్లటి బిళ్ల అమ్ముతారు చూడు, అది సముద్రపు నురగ కాదు, ఆ గుల్లే.