41వ భాగం: నీలి వానకోవెల వలస

అక్క: నమస్కారం. పోయినసారి మాట ఇచ్చినట్టే ఈ వారం వలస గురించి. ఆఫ్రికా నీలి వానకోవెల, అదే ఇంగ్లీషులో బ్లూ స్వాలో అనే చిన్న పిట్ట, ఎక్కడ నుంచి ఎక్కడికి వెళ్తుందో చెప్పుకుందాం. తమ్ముడూ, మొదలుపెడతావా?

తమ్ముడు: నువ్వే మొదలుపెట్టు. నేను మొదలుపెడితే ఎక్కడికి చేరతానో మన శ్రోతలకు తెలుసు.

అక్క: బొరియ దగ్గరికే. సరే, వినండి. ఏప్రిల్ వచ్చేసరికి దక్షిణాఫ్రికా, ఎస్వాతీని, తూర్పు జింబాబ్వే కొండలు, మలావీలోని న్యీకా పీఠభూమి, వీటన్నిటినీ వదిలి ఉత్తరానికి బయలుదేరుతుంది. విక్టోరియా సరస్సు చుట్టూ ఉన్న గడ్డినేలలకు చేరుతుంది. ఉగాండా, పశ్చిమ కెన్యా. కెన్యాలోని రూమా జాతీయ పార్కు దీనికి పేరున్న విడిది. సెప్టెంబరులో మళ్ళీ వెనక్కి. దక్షిణాఫ్రికా నుంచి అయితే ఒక్కో వైపు సుమారు 3,000 కిలోమీటర్లు.

తమ్ముడు: అంత దూరం వచ్చి ఎక్కడ దిగుతుందక్కా?

అక్క: చెప్పు, చెప్పు. ఆపితే ఆగుతావా?

తమ్ముడు: ఆర్డ్‌వార్క్ అని ఆఫ్రికాలో ఉండే ఒక జంతువు తవ్వి వదిలేసిన బొరియలో! ఆర్డ్‌వార్క్ రాత్రంతా చీమలూ చెదపురుగుల కోసం నేల తవ్వుతుంది, గోతులు వదిలేసి తన దారిన తాను పోతుంది. ఆ గోతి పైకప్పుకు వానకోవెల గూడు అంటిస్తుంది. తడిమట్టిని ఉండలు ఉండలుగా ముక్కున తెచ్చి, గడ్డిపోచలు కలిపి, సగం గిన్నెలా కడుతుంది. లోపల సన్నటి గడ్డి, వెంట్రుకలు, వాటి మీద ఈకలు. సాధారణంగా మూడు గుడ్లు. రెండు వారాలు ఆడపక్షి పొదుగుతుంది. మగపక్షి తోక చివర రెండు పొడవాటి తీగలుంటాయి చూడు, వాటితోనే అంత ఇరుకు గోతిలోకి దూరి వస్తుంది. నీకు ఆశ్చర్యంగా లేదా?

అక్క: ఉంది. ముప్ఫయ్యో భాగంలో కూడా ఉంది.

తమ్ముడు: ఆ భాగం సంగతి వద్దు.

అక్క: సరే, వద్దు. కానీ గొయ్యి ఒక్కటే ఉంటే చాలదు. గోతి చుట్టూ గడ్డి ఉండాలి. పొగమంచు పట్టే ఎత్తయిన చోటు, మంచి వాన, పొట్టి గడ్డి. ఆ గడ్డి మీద ఇంచుమించు తగులుతూ ఎగిరి చిన్న చిన్న ఈగలను పట్టుకుంటుంది. అలాంటి నేలలోనే పైన్, జామాయిల్ తోటలు వేశారు. చెరకు వేశారు. ఇప్పుడు దక్షిణాఫ్రికాలో వంద జంటలు కూడా లేవు.

తమ్ముడు: చెట్లు నాటడం తప్పంటావా?

అక్క: గడ్డి నేలలో తప్పే.

తమ్ముడు: అంత తేలిగ్గా అనకక్కా. అక్కడ బంగారు గనుల్లో కప్పు కూలకుండా దన్ను పెట్టే దుంగలు కావాలి. ఆ తోటలు అందుకే మొదలయ్యాయి. కూలీలకు పని దొరికింది. నాన్న జామాయిల్ కర్ర అమ్మిన డబ్బుతోనే కదా నా ఫీజు కట్టింది?

అక్క: నా ఫీజు కూడా.

తమ్ముడు: మరి?

అక్క: నాన్నను నేనేమీ అనడం లేదురా. మనది ఎర్ర చెలక. అక్కడ వేల ఏళ్ళుగా గడ్డే ఉన్న నేల. చెట్టు లేని నేలను చూడగానే ‘బంజరు’ అని రాసేస్తారే, ఆ మాట మీద నాకు కోపం. మన నంద్యాల జిల్లా రోళ్ళపాడు గడ్డినీ అలాగే చూశారు. బట్టమేక పిట్టకు కావాల్సింది ఆ గడ్డే. చెట్టు వేస్తే పచ్చగా కనిపిస్తుంది, నిజమే. కానీ జామాయిల్ నీడలో ఆ గడ్డి బతకదు, నేలలో చెమ్మ మిగలదు. గడ్డి మీద బతికే ఈగలు ఉండవు. ఈగలు లేని చోట గొయ్యి ఉండి ఏం లాభం?

తమ్ముడు: ...అవును. గొయ్యి ఉన్నా లాభం లేదు.

అక్క: నొచ్చుకున్నావా?

తమ్ముడు: లేదు. నాన్న గుర్తొచ్చాడు. తోట కొట్టిన రోజు గట్టు మీద కూర్చుని మొద్దులు లెక్కపెట్టుకున్నాడు.

అక్క: నాకూ గుర్తుంది.

తమ్ముడు: ఒక మంచి మాట చెప్పనా? కాప్సేహూప్.

అక్క: బొరియ లేకుండా చెప్పు.

తమ్ముడు: బొరియ కాదు, గని గొయ్యి. దక్షిణాఫ్రికాలో మ్పుమలాంగా కొండల్లో ఉన్న ఊరు అది. 1880లలో బంగారం కోసం జనం ఎగబడి గోతులు తవ్వారు. తర్వాత వదిలేసి వెళ్ళిపోయారు. వానకోవెలలు ఆ పాత గోతుల్లో గూళ్ళు కట్టుకున్నాయి! ఆ గడ్డిమైదానాన్ని వాటి కోసమే కాపాడుతున్నారు. మనిషి తవ్విన గొయ్యి అయినా, ఆర్డ్‌వార్క్ తవ్వినదైనా దానికి ఒకటే. ఒకసారి కుదిరిన గోతికి ఏటా తిరిగి వస్తుంది. 3,000 కిలోమీటర్లు ఎగిరి వచ్చి, గడ్డిలో కనిపించీ కనిపించని ఆ గొయ్యినే వెతుక్కుంటుంది.

అక్క: వలస గురించి ఇప్పటికి చెప్పావు.

తమ్ముడు: చెప్పానుగా! ఈ ఫొటో చూడు. మంచులో ఎగురుతోంది, పక్కన తెల్ల ఈకలు కనిపిస్తున్నాయా?

అక్క: ఎక్కడ? రెక్క కిందా?

తమ్ముడు: కాదు, ఇంకొంచెం వెనక్కి. ఫోను ఇలా తిప్పు.

అక్క: ఆ... ఇదిగో, కనిపించింది.