పెరటి మీది ఆకాశం

శ్రోతలకు నమస్కారం.

పోయిన ఏడాది మా అబ్బాయి పుట్టినరోజుకి డ్రోన్ కొన్నాం. చాలాకాలంగా అడుగుతున్నాడు. పెట్టె విప్పాం, బ్యాటరీ చార్జింగ్ పెట్టాం, రెక్కలు బిగించాం. పెరట్లోకి తీసుకెళ్ళి ఎగరేయబోతూ, ఎందుకైనా మంచిదని ఫోన్‌లో ఒక యాప్ తెరిచి చూశాను. మ్యాప్ మీద మా ఇల్లున్న గడిలో ఒకే ఒక్క అంకె ఉంది. సున్నా. అంటే మా పెరట్లో ఆ యాప్ ద్వారా మాకు దొరికే ఎత్తు సున్నా అడుగులు. మాకు కొద్ది మైళ్ళలోనే పెద్ద ఎయిర్‌పోర్టు ఉంది. విమానాలు మా కప్పు మీదుగానే దిగుతుంటాయి. ఆ చప్పుడుకి ఎంత అలవాటు పడిపోయామంటే, ఆ విమానాలకీ మా చేతిలో ఉన్న డ్రోన్‌కీ సంబంధం ఉంటుందన్న ఆలోచనే ఇంట్లో ఎవరికీ రాలేదు.

వాడి ముఖం చిన్నబోయింది. "మనింటి పైనే కదా నాన్నా, ఇంకెవర్ని అడగాలి?" అన్నాడు. ఆరోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తరవాత కూర్చుని చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. ఇవాళ మీతో పంచుకోబోయేది ఆ జవాబే. అమెరికాలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళు కొన్ని ఎయిర్‌పోర్టులను ఆనుకునే ఉన్నాయి. డాలస్ దగ్గర ఇర్వింగ్ అంతే, వర్జీనియాలో హెర్న్‌డన్ అంతే. మా ఇంట్లో వచ్చిన ప్రశ్న మీ ఇంట్లోనూ వస్తుంది.

ఇంటి హాల్లో డ్రోన్ ఎగరేసుకుంటే అడిగేవాళ్ళు లేరు. తలుపు దాటి బయట ఎగరేస్తే మాత్రం అది గగనతలం కిందికి వస్తుంది. ఈ దేశంలో గగనతలాన్ని చూసుకునేది ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, అందరూ ఎఫ్ఏఏ అంటారు. వాళ్ళు ఆకాశాన్ని ఏ, బీ, సీ, డీ, ఈ, జీ అని తరగతులుగా విడదీశారు. ఏ అనే తరగతి 18,000 అడుగుల దగ్గర మొదలవుతుంది, దాని గొడవ మనకు లేదు. బాగా రద్దీగా ఉండే ఎయిర్‌పోర్టుల చుట్టూ బీ, వాటికంటే చిన్నవాటి చుట్టూ సీ, కంట్రోల్ టవర్ ఉన్న ఇంకా చిన్న ఎయిర్‌పోర్టుల చుట్టూ డీ ఉంటాయి. కొన్ని ఎయిర్‌పోర్టుల దగ్గర ఈ అనే తరగతి కూడా నేల దాకా దిగి ఉంటుంది. ఇవన్నీ నియంత్రిత గగనతలం. ఎవరు ఎక్కడున్నారో చూస్తూ, ఎవరికి ఎవరు అడ్డురాకుండా నడిపించే మనుషులు ఇక్కడ ఉంటారు. మిగిలిన జీ తరగతిలో ఆ నియంత్రణ లేదు. సరదాకి ఎగరేసేవాళ్ళు అక్కడ అనుమతి అడగకుండా నేల నుంచి 400 అడుగుల దాకా, అంటే సుమారు 120 మీటర్ల దాకా వెళ్ళొచ్చు.

బీ తరగతి ఆకారం కాస్త విచిత్రంగా ఉంటుంది. ఒక గుడి గోపురాన్ని తలకిందులుగా నిలబెట్టినట్టు ఊహించుకోండి. కింద, ఎయిర్‌పోర్టు దగ్గర, సన్నగా ఉండి నేలను తాకుతుంది. పైకి పోయేకొద్దీ అంతస్తు అంతస్తుకీ వెడల్పవుతుంది. ఎందుకంటే దిగే విమానం ఎంతో దూరం నుంచి మెల్లగా కిందికి జారుతూ వస్తుంది. అది దూరంగా ఉన్నప్పుడు ఎత్తులో ఉంటుంది, దగ్గరకొచ్చేసరికి నేలకు దగ్గరగా ఉంటుంది. ఆ దారి పొడవునా దానికి రక్షణ ఉండాలి. కాబట్టి ఎయిర్‌పోర్టుకి పది మైళ్ళ దూరంలో మీ ఇంటి మీద ఆ గోపురం ఏ రెండు వేల అడుగుల ఎత్తులోనో మొదలైతే, దాని కింద మీ డ్రోన్ జీ తరగతిలోనే తిరుగుతూ ఉండొచ్చు. ఇంకో ఇంటి దగ్గర అదే గోపురం నేలను తాకుతూ ఉండొచ్చు. దూరం కొలిచి తేల్చుకునే వ్యవహారం కాదిది, మ్యాప్ చూడాల్సిందే.

"ఎయిర్‌పోర్టు ఐదు మైళ్ళు దాటితే చాలట కదా" అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. ఆ మాట ఒకప్పుడు నిజమే. 2012లో వచ్చిన చట్టం ప్రకారం, ఐదు మైళ్ళలోపు ఎగరేసే హాబీ మనిషి ముందుగా ఎయిర్‌పోర్టు వాళ్ళకీ టవర్‌కీ ఫోన్ చేసి చెప్పాలి. చెబితే సరిపోయేది. అప్పటికి ఇలాంటి వస్తువులు ఎగరేసేది ఎక్కువగా మోడల్ విమానాలు సొంతంగా తయారు చేసుకునే క్లబ్బులవాళ్ళు. వాళ్ళకి ఆకాశం సంగతి తెలుసు. తరవాత డ్రోన్ ఎవరైనా పెట్టె విప్పి అరగంటలో ఎగరేయగలిగే వస్తువైంది. టవర్‌లో కూర్చున్న మనిషి విమానాలు చూసుకోవాలా, ఫోన్లు ఎత్తాలా? 2018 అక్టోబరులో కొత్త చట్టం వచ్చి ఆ పాత పద్ధతిని తీసేసింది. 2019 మే నెలలో ఎఫ్ఏఏ దాన్ని అమల్లో పెట్టింది. అప్పటి నుంచి నియంత్రిత గగనతలంలో ముందే అనుమతి తీసుకోవాలి. చెప్పడం పోయి అడగడం వచ్చింది. ఇది మంచి మార్పని గట్టిగా నమ్ముతాను. చెప్పినప్పుడు అవతలివాళ్ళు వద్దనడానికి వీల్లేకపోతే, ఆ చెప్పడం వల్ల ప్రయోజనమేముంది?

మొదట్లో కొద్ది నెలలు హాబీ వాళ్ళకు చాలా ఇబ్బందయింది. క్లబ్బులకున్న కొన్ని నిర్ణీత మైదానాల్లో తప్ప నియంత్రిత గగనతలంలో ఎగరేసే దారే లేదు. 2019 జులైలో ఆ తలుపు తెరుచుకుంది. దాని పేరు లాన్స్. ఎఫ్ఏఏ ఆమోదించిన కంపెనీల యాప్‌లలో ఈ సౌకర్యం ఉంటుంది. మ్యాప్‌ని గడులు గడులుగా కోసి, ఒక్కో గడిలో డ్రోన్ ఎంత ఎత్తుకి వెళ్తే విమానాలకి ఇబ్బంది లేదో అక్కడి విమాన రాకపోకలు చూసే సిబ్బంది ముందే లెక్కకట్టి పెట్టారు. రన్‌వే దారిలో సున్నా ఉంటుంది, కాస్త పక్కకి పోతే 50, 100, ఇంకా పోతే 200, 300, చివరికి 400. మీరెక్కడ, ఎన్నింటికి, ఎంతసేపు, ఎంత ఎత్తులో ఎగరేస్తారో యాప్‌లో చెప్పి అడగాలి. ఆ గడి హద్దులో ఉంటే, అడ్డేమీ లేకపోతే, సాధారణంగా కొద్ది సెకన్లలో అనుమతి వచ్చేస్తుంది. మీరక్కడ ఉన్నారన్న సంగతి టవర్‌కి కూడా అందుతుంది. 90 రోజుల ముందు నుంచే అడిగి పెట్టుకోవచ్చు. టవర్‌కి మాత్రం ఫోన్ చేయకండి. ఫోన్లో అనుమతులివ్వరు.

ఇంత తేలికైన పని చేయకపోతే ఏమవుతుందో ఒక సంఘటన చెబుతాను. 2017 సెప్టెంబరు 21, న్యూయార్క్. ఐక్యరాజ్యసమితి సమావేశాలు జరుగుతున్నాయి కాబట్టి నగరం మీద తాత్కాలిక ఆంక్షలున్నాయి. సాయంత్రం చీకటి పడే వేళ స్టేటెన్ ఐలండ్ దగ్గర సైన్యం హెలికాప్టర్లు, బ్లాక్ హాక్‌లు, సుమారు 300 అడుగుల ఎత్తులో వెళ్తున్నాయి. వాటిలో ఒకదానికి ఒక చిన్న డ్రోన్ తగిలింది. పైలట్లు క్షేమంగా దించగలిగారు. రెక్కకు సొట్ట పడింది, డ్రోన్ ముక్కలు హెలికాప్టర్‌లో చిక్కుకున్నాయి. వాటిలో ఒక మోటారు దొరికితే, దాని మీది నంబరు పట్టుకుని ప్రమాదాలను పరిశోధించే జాతీయ సంస్థ యజమానిని కనుక్కుంది. వాళ్ళు ఫోన్ చేసేదాకా తన డ్రోన్ హెలికాప్టర్‌ని గుద్దిందన్న సంగతే ఆ మనిషికి తెలియదు. ఏ బ్యాటరీయో అయిపోయి నీళ్ళలో పడిపోయి ఉంటుందనుకున్నాడు. ఎందుకంటే దాన్ని తనకు రెండున్నర మైళ్ళ దూరానికి పంపేశాడు. కంటికి ఆనని చోటికి. ఆంక్షల సంగతీ తెలియదు. ఏదైనా ఉంటే యాప్ చెబుతుందిలే అన్న ధీమా.

ఆ ధీమా గురించే నా బెంగ. చాలామంది కొనే డీజేఐ డ్రోన్లలో ఒకప్పుడు ఎయిర్‌పోర్టుల వంటి చోట్ల డ్రోన్ లేవకుండా ఆపే తాళం ఉండేది. 2025 జనవరిలో ఆ కంపెనీ అమెరికాలో ఆ తాళాన్ని తీసేసింది. ఇప్పుడు తెర మీద హెచ్చరిక వస్తుంది. దాన్ని దాటేసి ఎగరేయాలనుకుంటే డ్రోన్ లేస్తుంది. అది లేచింది కాబట్టి అనుమతి ఉన్నట్టే అనుకుంటే పొరపాటు. అలాగే, కంపెనీ ఇచ్చిన మ్యాప్‌లో ఏ రంగూ కనబడకపోయినంత మాత్రాన ఎఫ్ఏఏ మ్యాప్‌లో ఖాళీ అని అర్థం కాదు. చూడాల్సింది రెండోదే. బీఫోర్‌యూఫ్లై పేరుతో ఎఫ్ఏఏ ఆమోదించిన సేవలున్నాయి, అక్కడ చూసుకోవచ్చు.

అదే 2025 జనవరి నెల. లాస్ ఏంజెలెస్‌లో పాలిసేడ్స్ అగ్నిప్రమాదం. ఇళ్ళకు ఇళ్ళు తగలబడిపోతున్నాయి. కెనడాలోని క్యుబెక్ నుంచి వచ్చిన విమానాలు సముద్రంలో నీళ్ళు ముంచుకుని మంటల మీద పోస్తున్నాయి. జనవరి 9న వాటిలో ఒకదాని రెక్కకు డ్రోన్ తగిలి చిల్లు పడింది. ఆ విమానం కొన్ని రోజుల పాటు పని మానేయాల్సి వచ్చింది. ఎగరేసిన మనిషికి దుర్బుద్ధేమీ లేదు, మంటలెలా ఉన్నాయో చూద్దామనుకున్నాడు. పార్కింగ్ భవనం పైనుంచి వదిలాడు, దూరం పోయి కనిపించకుండా పోయింది. మంటలున్న చోట తాత్కాలిక నిషేధం ఉంటుంది. నిషేధం ప్రకటించే లోపే మీకు పొగ కనబడితే కూడా, దయచేసి, డ్రోన్ బయటికి తీయకండి. ఆ పొగలో విమానం నడిపేవాళ్ళు నేలకు ఎంత దగ్గరగా ఎగురుతారో, వాళ్ళకి డ్రోన్ కనబడే అవకాశం ఎంత తక్కువో ఆలోచించండి.

స్టేడియాలకి కూడా ఇలాంటి నియమం ఉంది. 30,000 మందికి పైగా పట్టే స్టేడియంలో పెద్ద లీగ్ బేస్‌బాల్, ఎన్ఎఫ్ఎల్ ఫుట్‌బాల్ లాంటి ఆట జరుగుతుంటే, మొదలవడానికి గంట ముందు నుంచి అయిపోయాక గంట దాకా, చుట్టూ మూడు నాటికల్ మైళ్ళలో డ్రోన్ లేవకూడదు. వాషింగ్టన్ దగ్గర ఉండేవాళ్ళకి ఇంకా గట్టి కట్టుబాట్లున్నాయి. రీగన్ ఎయిర్‌పోర్టు కేంద్రంగా 15 మైళ్ళ వలయంలో ప్రత్యేక అనుమతి లేకుండా అసలు ఎగరేయకూడదు. 30 మైళ్ళ దాకా షరతులున్నాయి. నేషనల్ పార్కులకి సెలవుల్లో వెళ్తూ డ్రోన్ సర్దుకునేవాళ్ళు గుర్తుంచుకోండి, 2014 నుంచి అక్కడ దాదాపు అంతటా నిషేధమే.

ఇక సరదాకి ఎగరేసేవాళ్ళందరికీ వర్తించేవి. డ్రోన్ బరువు 250 గ్రాములు మించితే ఎఫ్ఏఏ దగ్గర రిజిస్టర్ చేయాలి, ఐదు డాలర్లు, మూడేళ్ళు పనిచేస్తుంది. పదమూడేళ్ళు నిండనివాళ్ళ పేరు మీద కుదరదు, పెద్దవాళ్ళు చేయాలి. పౌరసత్వం గాని గ్రీన్‌కార్డు గాని లేనివాళ్ళు కూడా ఇదే పద్ధతిలో చేయించుకోవాలి. వాళ్ళకొచ్చే పత్రాన్ని రిజిస్ట్రేషన్‌గా కాక యాజమాన్యపు గుర్తింపుగా ఎఫ్ఏఏ లెక్కిస్తుంది. వీసా మీదున్నవాళ్ళు ఇది తమకి పట్టదనుకుని వదిలేయకండి. రిజిస్టర్ చేయాల్సిన డ్రోన్ తన గుర్తింపును, తానున్న చోటును గాలిలో ప్రసారం చేయాలి, దాన్ని రిమోట్ ఐడీ అంటారు. ట్రస్ట్ అనే చిన్న ఉచిత పరీక్ష ఉంది, ఇంటర్నెట్లోనే రాయొచ్చు. ఆ సర్టిఫికెట్ దాచుకోండి. పోతే పరీక్ష మళ్ళీ రాయాల్సిందే, మీ వివరాలు వాళ్ళ దగ్గర ఉంచుకోరు. బరువు 250 గ్రాముల లోపుంటే రిజిస్ట్రేషన్ తప్పుతుంది గాని, పరీక్షా తప్పదు, నియంత్రిత గగనతలంలో అనుమతీ తప్పదు. చిన్న డ్రోన్‌కి ఏ రూల్సూ లేవన్న మాట నేను చాలామంది నోట విన్నాను. అది తప్పు.

సరదాకి అన్న మాటని కూడా ఎఫ్ఏఏ చాలా కచ్చితంగా చూస్తుంది. స్నేహితుడి ఇల్లు అమ్మకానికి పెడితే పైనుంచి ఫోటోలు తీసిపెట్టారనుకోండి. మీరు రూపాయి తీసుకోకపోయినా అది సరదా కాదు. పిల్లల స్కూల్ వెబ్‌సైట్ కోసం ఆట వీడియో తీసినా అంతే. అలాంటి పనులకి పార్ట్ 107 అనే వేరే లైసెన్సు ఉండాలి. మనవాళ్ళు మొహమాటానికి పోయి ఇరుక్కునేది ఇక్కడే. నియమాలు దాటితే జరిమానా ఒక్కో ఉల్లంఘనకి 75,000 డాలర్ల దాకా వేయొచ్చు.

మా అబ్బాయి సంగతికొస్తే, ఆ వారం వాడూ నేనూ పక్కపక్కన కూర్చుని ట్రస్ట్ పరీక్ష రాశాం. శనివారం అరగంట కారులో వెళ్ళాం, డ్రోన్లకి అభ్యంతరం లేదని ముందే కనుక్కున్న ఒక మైదానానికి. ఆ గడిలో 200 అని ఉంది. ఎత్తు, సమయం వాడే నింపాడు. మేం డ్రోన్‌ని గడ్డి మీద పెట్టేలోపే ఫోన్ మోగింది, అనుమతి వచ్చింది. డ్రోన్ సెట్టింగ్స్‌లో ఎత్తు హద్దు 200 దగ్గర పెట్టి ఎగరేశాడు. పది నిమిషాలయ్యాక ఎక్కడో హెలికాప్టర్ చప్పుడు వినబడింది. ఇంకా కనబడలేదు. నేను నోరు తెరిచేలోపే వాడు "దించేస్తున్నా నాన్నా" అన్నాడు. అది మా తల మీదుగా వెళ్ళిపోయేదాకా ఇద్దరం గడ్డిలో నిలబడి చూశాం. తరవాత మళ్ళీ ఎగరేశాడు.

నమస్కారం.